నంబరు లేని గల్లీ

మా దాదా తహసీలు కచేరీ ముందర వేపచెట్టు కింద కూర్చుని అర్జీలు రాసి బతికాడు. అర్జీనవీస్ అనేవాళ్లు అప్పట్లో. ఒక చెక్కపెట్టె, దవాతు, రెండు కలాలు, చిరిగిన జంఖానా. అంతే ఆయన దుకాణం. రైతు వచ్చి తెలుగులో మొత్తుకునేవాడు. దాదా దాన్ని ఉర్దూలో రాసేవాడు. లోపల తహసీల్దారు ఉర్దూలో చదివేవాడు. గట్టు తగాదా, బందెలదొడ్డిలో పడ్డ బర్రె, అన్నదమ్ముల పంపకాలు, ఊళ్ల కష్టమంతా ఆయన చేతి మీదుగా లోపలికి పోయేది. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు కచేరీ భాష మారిపోయింది. దాదాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. చెక్కపెట్టె ఇంటికి వచ్చేసింది. మాకు ఊహ తెలిసేటప్పటికి అమ్మీ దాంట్లో సూదులు, దారపుండలు, రేషన్ కార్డు పెట్టుకునేది.

ఆ ఇంట్లో మళ్లీ అర్జీ రాసింది మేం. పన్నెండేళ్ల వయసులో, తెలుగులో.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడేటప్పుడు మనిషి ఒక్కడే అయినా 'హమ్' అంటాడు. 'మై' అంటే నానీ మందలించేది, అంత పెద్దోడివయ్యావా అని. పత్రికల్లో ఇరవై ఏళ్లు వార్తలు రాశాక కూడా 'నేను' అని రాయాలంటే మాకు చెయ్యి ఆడదు. పైగా ఇక్కడ చెప్పేవి మా ఒక్కరికే జరిగినవి కావు.

అది 1992 నవంబరు చివర. గల్లీకి ఒక నల్లా కావాలని అర్జీ. అబ్బా సైకిల్ దుకాణం ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, చుట్టూ పదిమంది పెద్దమనుషులు నిలబడి చెబుతుంటే మేం రాశాం. బళ్లో సెలవు చీటీ ఎట్లా రాస్తామో అట్లాగే, గౌరవనీయులైన కమిషనరు గారికి అని మొదలుపెట్టి, ఇట్లు మీ విధేయులు అని ముగించాం. కింద ముప్ఫై ఎనిమిది మంది. అందులో సంతకాలు తొమ్మిదే, మిగిలినవన్నీ వేలిముద్రలు. వేలిముద్రలు ఆరడానికి కాగితాన్ని సైకిలు సీటు మీద పెట్టి రాయి పెట్టారు. సంతకాలన్నీ అయ్యేసరికి మరో వారం పట్టింది. సోమవారం పోయి ఇద్దామనుకున్నారు. ఆ ముందటి రోజు ఆదివారం, డిసెంబరు 6.

బాబ్రీ మసీదు కూలిన వార్త రాత్రి బీబీసీ ఉర్దూలో విన్నాం. గల్లీలో ఇంటి ముందు బుగ్గలు తీసేశారు. సోమవారం ఎవరూ ఎక్కడికీ పోలేదు. "ఇవి నల్లా అడిగే దినాలా బేటా" అన్నాడు అబ్బా. అర్జీని నాలుగు మడతలు పెట్టి దాదా చెక్కపెట్టెలో వేశాడు.

అదే నెల 22న లోక్‌సభ, 23న రాజ్యసభ 74వ రాజ్యాంగ సవరణకు ఆమోదం తెలిపాయి. పట్టణాల పాలన పట్టణ ప్రజల చేతికి రావాలన్న సవరణ. ఈ సంగతి మాకు బి.ఏ. చదివేటప్పుడు రాజనీతిశాస్త్రం పుస్తకంలో కనిపించింది. తేదీలు చూసి కాసేపు పుస్తకం మూసేశాం. పదహారు రోజుల తేడా. 1993 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. రాజ్యాంగంలో 12వ షెడ్యూలు అని ఒకటి చేర్చి, పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులు రాశారు. నీళ్లు, వీధి దీపాలు, మురికివాడల బాగు, ఖబరస్తాన్లు, శ్మశానాలు, చివరికి కబేలాలు కూడా అందులో ఉన్నాయి. పుట్టిన కాగితం నుంచి పూడ్చే జాగ దాకా మా జిందగీ అంతా ఆ జాబితాలో ఉంది. అర్జీ మాత్రం చెక్కపెట్టెలో ఉంది.

*

మా అసలు ఊరు కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. ఊరంతటికీ ఆరు తురక ఇండ్లు. పీర్ల పండుగకు ఊరు ఊరంతా అలావా చుట్టూ తిరిగేది. గొడవలేమీ లేవు. కానీ భూమి లేదు. భూమి లేనివాడు పల్లెలో ఎన్ని తరాలు ఉంటాడు? అబ్బా సైకిళ్లు బాగుచేసేవాడు. పల్లెలో సైకిళ్లు ఎన్ని? అందుకే పట్నం వచ్చాడు. ఆయన ఒక్కడే కాదు. కసాబులు, దర్జీలు, టాంగావాళ్లు, లారీ మెకానిక్కులు, తోలు పనివాళ్లు, అందరిదీ అదే తొవ్వ. 1948 తర్వాత భయంతో వచ్చినవాళ్లు కొందరు, బతుకు కోసం వచ్చినవాళ్లు ఎందరో. సచార్ కమిటీ 2006లో లెక్కలు చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద నూటికి 27.8 మంది పట్టణాల్లో ఉంటే, ముస్లింలలో 35.7 మంది పట్టణాల్లో ఉన్నారు. మమ్మల్ని చూసి 'ఎడారి నుంచి వచ్చినవాళ్లు' అనే మిత్రులకు ఈ లెక్క ఒకటి తెలియాలి. మేం వచ్చింది పక్క పల్లెల నుంచి. పట్టణీకరణ అనే పెద్ద మాట పుస్తకాల్లోకి రాకముందే మేం పట్టణీకరణ అయిపోయాం.

పట్నం మమ్మల్ని ఎక్కడ ఉంచింది? ఆ పట్నం పేరు ఇక్కడ రాయదలుచుకోలేదు. పేరు మార్చినా కథ మారదు. చెరువు మత్తడి దూకితే నీళ్లు పారే పల్లపు జాగ. ఒకప్పటి వరి మడి. పట్టాదారు దాన్ని ముక్కలు చేసి సాదాబైనామా మీద అమ్మాడు. అంటే తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు, అంతే. రిజిస్ట్రేషన్ లేదు, లేఅవుట్ లేదు. మా వాళ్లు కొన్నారు. ఎందుకు కొన్నారంటే రిజిస్ట్రేషన్ ఉన్న జాగ తురకకు అమ్మేవాడు లేడు, ఉన్నా కొనే పైసలు లేవు. తర్వాత దుబాయి, సౌదీ పైసలు వచ్చాయి. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ చుట్టుపక్కల ఏ మొహల్లా చూసినా గల్ఫ్ చెమట స్లాబుగా కనిపిస్తుంది. మా అన్న కూడా అట్లాగే పోయాడు, పన్నెండేళ్లలో రెండు గదులు, ఒక వరండా వేశాడు. కానీ ఇంటికి నంబరు రాలేదు.

ఇంటి నంబరు అంటే తలుపు మీద రాసుకునే అంకె అనుకుంటారు, ఉన్నవాళ్లు. లేనివాళ్లకు తెలుస్తుంది అదేమిటో. లేఅవుట్ లేకుంటే అనుమతి రాదు. అనుమతి లేకుంటే నంబరు రాదు. నంబరు లేకుంటే నల్లా రాదు, బ్యాంకు లోను రాదు, పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో చిరునామా నిలబడదు, పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కు ఇల్లు దొరకదు, దొరికినా దొరకలేదని రాస్తాడు. మా గల్లీ నలభై ఇండ్లకు చివరికి ఒకే నంబరు ఇచ్చారు, మెయిన్ రోడ్డు మీది కిరాణా దుకాణం నంబరు. దానికి బార్ ఏ, బార్ బీ అని తోకలు. జెడ్ అయిపోయాక జెడ్ వన్. అన్న జెద్దా నుంచి రాసిన ఉత్తరాలు దుకాణం గల్లాపెట్టె పక్కన పడి ఉండేవి. చింతపండు కొనడానికి పోయి ఉత్తరం తెచ్చుకునేవాళ్లం.

క్రమబద్ధీకరణ అని అప్పుడప్పుడూ ప్రభుత్వాలు తలుపు తెరుస్తాయి. 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్ఆర్ఎస్ ఉత్తర్వు కింద వెయ్యి రూపాయలు కట్టి తెలంగాణలో 25 లక్షల పైన దరఖాస్తులు పెట్టారు. వీళ్లలో అన్ని మతాల వాళ్లూ, అన్ని కులాల వాళ్లూ ఉన్నారు. ఈ కష్టం మా ఒక్కరిదేనని మేం ఎప్పుడూ అనలేదు. కానీ ఆ పథకానికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి. సాదాబైనామా వాడు వరసలో నిలబడటానికి కూడా పనికిరాడు. మా గల్లీ నుంచి ఆ వరసలోకి పోయింది నలుగురే.

నంబరు లేని ఇల్లు బల్దియాకు దొరకలేదు గాని, పోలీసులకు దొరికింది. ఒకనాడు తెల్లవారుజామున నాలుగున్నరకు కార్డన్ సెర్చ్ అన్నారు. రెండు దిక్కులా తాడు కట్టి, ఇంటింటికీ వచ్చి, బండ్ల కాగితాలు, ఆధార్ కార్డులు అడిగారు. ఒక చిన్న అధికారి చేతిలో మా గల్లీ నక్షా ఉంది. మేం తొంగిచూశాం. మా ఇల్లు ఉంది అందులో. వరండా కూడా ఉంది. ఇరవై ఏళ్లు టౌన్ ప్లానింగ్ వాళ్లను బతిమాలినా గీయని నక్షా అది. పైన ఎర్ర సిరాతో రాసి ఉంది, సున్నిత ప్రాంతం అని. అబ్బా ఆ పొద్దున ఒకటే అన్నాడు: "ఆ కాగితం జిరాక్స్ ఒకటి ఇవ్వమనరాదూ, నల్లాకు పెడదాం."

నవ్వాం. చాలాకాలం నవ్వుకున్నాం ఆ మాటకు. ఒక పట్నానికి రెండు నక్షాలు ఉంటాయని, మా పేరు ఒకదాంట్లోనే ఉందని, మాకు ఆరోజు అర్థమైంది. ఎన్నికలు వస్తే బైండోవర్లు, పండుగ వస్తే పికెట్, ఊరేగింపు వస్తే శాంతి కమిటీ. శాంతి కమిటీలో మా గల్లీ పెద్దలకు కుర్చీ ఉంది. వార్డు కమిటీలో లేదు.

*

బల్దియా అన్నాం కదా. అది మా మాటే. అరబ్బీలో బలద్ అంటే నగరం. ఖురాన్‌లో ఒక సూరా పేరు అల్ బలద్. నిజాం కాలంలో మున్సిపాలిటీని బల్దియా అన్నారు. నిజాం పోయాడు, మాట మిగిలింది. ఇవాళ్టికీ తెలుగు పత్రికల్లో బల్దియా పోరు, బల్దియాకు బకాయిలు అని హెడ్డింగులు వస్తాయి. మేమూ ఎన్నో పెట్టాం. మున్సిపాలిటీ కంటే బల్దియా సింగిల్ కాలంలో బాగా ఇముడుతుంది. ఒక్క బల్దియానేనా? నల్లా, మోరీ, గల్లీ, మొహల్లా, చౌరస్తా, సఫాయి, జాగ, నక్షా, దరఖాస్తు, మంజూరు, జరిమానా, తాఖీదు, జప్తు, కిరాయి. తెలంగాణ పట్నంలో మనిషి పొద్దున లేచి పన్ను కట్టి పడుకునేదాకా ఈ మాటలు లేకుండా గడవదు. మాటలకు నంబరు దొరికింది, వాటిని తెచ్చినవాళ్లకు దొరకలేదు.

ఊళ్ల పేర్ల సంగతీ అంతే. ఎలగందుల ఖిలాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద కరీంనగర్. బీజాపూర్ ఆదిల్ షాల పేరు మీద ఆదిలాబాద్. ఆసిఫ్ జాహీల పేరు మీద ఆసిఫాబాద్. కాగితం మిల్లు పెట్టిన చోట కాగజ్‌నగర్. 2018 డిసెంబరు ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కరీంనగర్‌ను కరీపురం చేస్తామని చెప్పిపోయాడు. ఆ రాత్రి మా మొహల్లాలో యువకులు ఉడికిపోయారు. మాకు కోపం రాలేదని అనం. కానీ ఒక ముసలాయన అన్న మాట గుర్తుండిపోయింది: "పేరు ఉంచుకోని ఏం జేసుకుంటవ్ బేటా, కరీం పేరు మీద పట్నముంది, కరీం మొహల్లాల మోరీ లేదు." మా నాయకులు పేరు కోసం గొంతు చించుకున్నంత మోరీ కోసం చించుకోరు. పేరు మీద కోపం తెప్పించడం తేలిక. ఓట్లూ త్వరగా వస్తాయి.

ఉద్యోగం మమ్మల్ని ఆదిలాబాద్ వైపు తీసుకుపోయింది. ఆదిలాబాద్ మాకు నచ్చిన పట్నం. పత్తి మార్కెట్‌లో నిలబడితే తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, నాలుగు భాషల్లో బేరం వినపడుతుంది. అక్కడ ఒక భాషవాడు ఇంకో భాషవాడిని చూసి ఆశ్చర్యపోడు. అయినా కిరాయి ఇల్లు వెతికేటప్పుడు ఆ సంగతి గుమ్మం దగ్గర ఆగిపోయింది. జిల్లాలోనే ఒక ఊళ్లో, మంచి కాలనీలో, టు-లెట్ బోర్డు చూసి తలుపు కొట్టాం. ఇంటాయన కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ఏ పత్రిక అని అడిగాడు, మా వార్త ఒకటి మెచ్చుకున్నాడు, అడ్వాన్సు మాట్లాడాడు. చివర్లో పేరు అడిగాడు. చెప్పాం. కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "మీ తెలుగు విని మనోళ్లే అనుకున్న సార్. మా ఇంట్ల పెద్దోళ్లున్నరు, నీసు వాసన పడదు" అన్నాడు. నీసు మానేస్తామంటే ఇస్తారా అని అడగాలనిపించింది. అడగలేదు. చాయ్ కప్పు కడిగి బోర్లిస్తారా పారేస్తారా అన్నది ఆలోచిస్తూ మెట్లు దిగాం. చివరికి మా వాళ్ల మొహల్లాలోనే ఇల్లు దొరికింది. అక్కడ నల్లా రోజు విడిచి రోజు.

లౌకికవాద మిత్రులు మమ్మల్ని తరచు అడుగుతారు, మీరంతా ఒకేచోట ఎందుకు గుంపుగా ఉంటారు, బయటికి రారేమిటి అని. ప్రేమతోనే అడుగుతారు. బయటికి వచ్చి తలుపు కొట్టి తిరిగి వెళ్లినవాళ్ల లెక్క వాళ్ల దగ్గర ఉండదు. ఒకేచోట ఉన్నామంటే అందులో మా ఇష్టం కొంత ఉంది, మసీదు దగ్గరని, బంధువులు దగ్గరని. భయం కొంత ఉంది. మిగిలింది ఆ టు-లెట్ బోర్డు.

2016 దాకా ఆ జిల్లాలోనే భైంసా ఉండేది. మా వృత్తిలో భైంసా పేరు వినగానే బ్యాగు సర్దుకుంటారు. 2008 అక్టోబరులో గొడవలు జరిగి, 12న దగ్గర్లోని వటోలిలో ఒకే ఇంటివాళ్లు ఆరుగురిని సజీవదహనం చేశారు. చిన్నపిల్లలు కూడా అందులో ఉన్నారు. 2020 జనవరిలో, మున్సిపల్ ఎన్నికలకు పది రోజుల ముందు, మళ్లీ గొడవలు. 2021 మార్చిలో మళ్లీ. మంటల్లో పోయిన ఇండ్లు రెండు వైపులా ఉన్నాయి. 2020 ఎన్నికల్లో భైంసాలో 26 వార్డులకు మజ్లిస్ 15, భాజపా 9 గెలిచాయి. పట్నం రెండుగా చీలిందని ఆ అంకెలే చెబుతాయి. మా వాళ్లు కొందరు మిఠాయిలు పంచారు, ఇక మన బల్దియా అని. మాకు ఆ 'మన' దగ్గరే గుచ్చుకుంది. అవతలి మొహల్లాలో ఒక ఇల్లాలు, ఇక మాకు నీళ్లొస్తయా అని అనుకుని ఉంటే, ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. తరాలుగా మేం అడిగిందే. కుర్చీ మారినప్పుడల్లా భయం గల్లీ మారుతుంటే, దాన్ని మా గెలుపు అని ఎట్లా రాస్తాం?

*

మా లోపలి సంగతులు దాచి ఇతరులను అడగడం సరికాదు. కాబట్టి రెండు చెబుతాం.

మా దూరపు చుట్టం ఒక ఖాలా ఉంది. బీడీలు చుట్టే మనిషి. తునికాకు తడిపి, కత్తిరించి, రోజుకు ఏడెనిమిది వందలు చుట్టేది. వార్డు మహిళకు రిజర్వ్ అయితే ఖాలూ ఆమెను నిలబెట్టాడు. పోస్టరు మీద ఆయన ఫోటో పెద్దది, ఆమెది బురఖాతో చిన్నది. గెలిచింది. మీటింగులకు ఖాలూ పోయేవాడు, సంతకాలకు రిజిస్టరు ఇంటికి వచ్చేది. ఆమె చాటలో ఆకు పక్కకు జరిపి సంతకం చేసేది. మసీదు కమిటీ పెద్దలకు ఇందులో తప్పు కనపడలేదు. ఒక ఎండాకాలం ఖాలూకు గుండెనొప్పి వచ్చి మంచాన పడ్డాడు. ట్యాంకర్లు రావడం లేదు. వార్డు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చారు. ఖాలా బురఖా వేసుకుని మొదటిసారి మీటింగుకు పోయింది. ఏం మాట్లాడావని తర్వాత అడిగాం. "మాట్లాడలే. ఏ రోజు ఏ గల్లీకి ట్యాంకరు పోయిందో రిజిస్టరు చూపియ్యమన్న. అంత సంతకం చేసినదాన్ని, రిజిస్టరు సంగతి నాకు తెల్వదా?" అంది. మా బి.ఏ. చదువు, ఇరవై ఏళ్ల విలేఖరి పని, ఆ ప్రశ్న దగ్గరికి మమ్మల్ని చేర్చలేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం సగం సీట్లు మహిళలకు ఇచ్చింది. ఎన్ని ఇండ్లలో ఖాలూలు మంచాన పడితే గాని ఖాలాలు బయటికి రారో మాకు తెలియదు.

రెండోది మెహతర్ల సంగతి. ముస్లింలలో మెహతర్లున్నారని చాలామంది ముస్లింలే ఒప్పుకోరు. ప్రభుత్వం వెనుకబడిన తరగతుల ఏ గ్రూపులో 'ముస్లిం మెహతర్' అని రాసింది. దూదేకులవాళ్లను బీ గ్రూపులో రాసింది. తురక కాశలు, ఫకీర్లు, ధోబీ ముస్లింలు 2007 చట్టంతో ఈ గ్రూపులోకి వచ్చారు. మసీదు సఫ్‌లో అందరం భుజం భుజం కలిపి నిలబడతాం, అది నిజం. సంబంధం మాట్లాడేటప్పుడు భుజాలు విడిపోతాయి, అదీ నిజమే. పట్నం మోరీల్లో దిగి పట్నాన్ని బతికించే మెహతర్ ఇల్లు మా మొహల్లాలోనూ చివరి ఇల్లే. మాకు నంబరు లేదని మేం ఏడుస్తున్న గల్లీలో, అతని ఇంటికి 'బార్ జెడ్' తోక కూడా దొరకలేదు.

*

కరీంనగర్ 2005లో నగరపాలక సంస్థ అయింది. 2017 జూన్‌లో స్మార్ట్ సిటీల జాబితాలోకి వచ్చింది. ఊరంతా సంబరపడింది, మేమూ పడ్డాం. దిగువ మానేరు డ్యామ్ ఊరి పక్కనే ఉంది. 2023లో మానేరు మీద తీగల వంతెన తెరిచారు. సాయంత్రం పిల్లల్ని తీసుకుని మేమూ పోయి ఫోటోలు దిగాం. బాగుంది. బాగున్నదాన్ని బాగుందనడానికి ఇబ్బందేమీ లేదు. మా పేచీ వేరే. స్మార్ట్ సిటీ పనులకు ప్రతి నగరంలోనూ కంపెనీ చట్టం కింద ఒక కంపెనీ పెట్టాలన్నారు. రాష్ట్రం సగం, నగర సంస్థ సగం వాటాదారులు. అంటే ఏ రోడ్డు ముందు, ఏ పార్కు తర్వాత అన్నది డైరెక్టర్ల బోర్డు తేలుస్తుంది. కార్పొరేటరును గల్లా పట్టుకుని అడగొచ్చు. అడిగాం కూడా. కంపెనీ డైరెక్టరును ఏ చౌరస్తాలో పట్టుకోవాలి? 2025 మార్చి 31తో ఆ మిషన్ ముగిసింది. అడగకుండానే.

అసలు ఎన్నికైన పాలకవర్గమన్నా ఉండాలి కదా. 2010లో గడువు తీరిన మున్సిపాలిటీలకు 2014 దాకా ఎన్నికల్లేవు. 2020లో ఎన్నికైన వాటి గడువు 2025 జనవరిలో తీరితే, వెంటనే ఎన్నికలు పెట్టకుండా ప్రత్యేకాధికారులను కూర్చోబెట్టారు. ప్రత్యేకాధికారి మంచివాడు కావచ్చు. కానీ ఖాలా వెళ్లి రిజిస్టరు అడిగే మీటింగు ఆయన దగ్గర ఉండదు.

వార్డు కమిటీల ముచ్చట ఇంకా చిత్రం. 74వ సవరణ 3 లక్షల జనం దాటిన పట్నాలకే అవి తప్పనిసరి అంది. 2011 లెక్కల్లో కరీంనగర్ 2 లక్షల 61 వేలు, ఆదిలాబాద్ 1 లక్షా 17 వేలు. గీత దాటలేదు. 2019 చట్టం వార్డుకు నాలుగు కమిటీలు, యువకులవి, మహిళలవి, వృద్ధులవి, ప్రముఖులవి, ఒక్కోదాంట్లో 15 మంది అని రాసింది. కాగితం మీద వార్డుకు అరవై మంది.  మా అబ్బా వృద్ధుల కమిటీలో ఉన్నాడని ఆయన పోయాక తెలిసింది, ఎవరో పాత కాగితం చూపిస్తే. పేరు ఎవరు రాసుకున్నారో, మీటింగు ఎప్పుడైందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మైనారిటీల నుంచి కో ఆప్షన్ సభ్యులను కూడా తీసుకుంటారు. వాళ్లు మాట్లాడవచ్చు, ఓటు వేయలేరు. మా వాళ్లలో ఈ పదవికి జరిగే పైరవీలు చూస్తే, ఓటు లేని కుర్చీకి ఇంత తాపత్రయమా అనిపిస్తుంది.

బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రె అని ఒక నగరం ఉంది. 1989 నుంచి అక్కడ పేటల జనం సభలు పెట్టుకుని, బల్దియా పైసల్లో ఏది ముందు ఎక్కడ ఖర్చు చేయాలో తామే చర్చించి తేల్చారు. పేదల పేటలకు నీళ్లు, మురుగు కాలువలు ముందు వచ్చాయి. తర్వాతి ఏళ్లలో అక్కడా ఆ పద్ధతి సన్నగిల్లింది, అది వేరే కథ. మేం చెప్పేది, అది స్వర్గం కాదు, మనలాగే అప్పులున్న, మురికివాడలున్న దేశం. అక్కడి జనం అడిగింది కూడా మోరీయే. ఆ సభలో ఎవరూ నీ పేటలో గొడవలవుతాయా అని మొదట అడగలేదు. నీ పేటలో నీళ్లున్నాయా అని అడిగారు. మా పట్నాల్లో మమ్మల్ని అడగాల్సిన ప్రశ్న అదే. రిజర్వేషన్ గురించి, నామినేటెడ్ పోస్టు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మా గల్లీని పోలీసు నక్షాలోంచి తీసి బల్దియా నక్షాలో పెట్టండి.

*

ఈ మధ్య ఒక పట్నం బల్దియా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు కదా. ఆఫీసు బోర్డు మీద తెలుగు, ఇంగ్లీషు కింద ఉర్దూ కూడా రాయించాలట. పెయింటరుకు ఉర్దూ రాదు, ఎవరో కాగితం మీద రాసిచ్చారట, తప్పులున్నాయేమో మీరు చూడండి సార్ అని. పోయాం. ఆ గుమాస్తా మంచివాడు, మా వార్తలు చదివినవాడు. కాగితం చూశాం. 'మున్సిపల్ ఆఫీస్' అన్న ఇంగ్లీషు మాటలనే ఉర్దూ లిపిలో రాశారు. ఒక నుక్తా తప్పు. అది దిద్దాం. దిద్దాక ఊరుకోబుద్ధి కాలేదు. "ఇంగ్లీషు మాట ఎందుకండీ, 'దఫ్తరే బల్దియా' అని రాయించండి, రెండు మాటల్లో అయిపోతుంది" అన్నాం. మా దాదా అర్జీల మీద అట్లాగే రాసేవాడని కూడా చెప్పాం.

గుమాస్తా కాసేపు ఆలోచించాడు. కలం చెవి మీద పెట్టుకున్నాడు.

"బల్దియా మన తెలుగు మాట కద సార్" అన్నాడు. "ఉర్దూల ఏమంటరో అది చెప్పండి."